ఒక ఋతువుకు ఒక్క పని



పెరటి మొక్కల గురించి ఈ శీర్షికలో రాసినదానిని చదివి ఒక సోదరి ఉత్తరం పంపారు. బెంగళూరులో చదువుకుంటున్న ఆమె కుమారుడు సెలవులకు ఇంటికి వస్తూ ఒక చిన్న తూజా మొక్కను వెంట తెచ్చాడు. దానిని బోన్సాయ్‌గా పెంచాలన్నది అతని కోరిక. రాగి తీగ చుట్టి కొమ్మలను వంచాలి, నర్సరీ సంచిలో నుండి తీసి పళ్ళెం వంటి కుండీలోకి మార్చాలి, బలానికి ఎరువు వేయాలి. సెలవులు ముగిసేలోగా ఈ మూడు పనులనూ పూర్తి చేసి వెళ్ళాలని అతని తొందర. "హజ్రత్! ఈ మూడింటిలో ఏది ముందు చేయాలి? మొక్కను అలా మెలితిప్పడం దానిని హింసించడమే కదా అని మా అత్తగారు అంటున్నారు. ఆమెకు ఏమని సమాధానం చెప్పాలి?" అని ఆ సోదరి అడిగారు.

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే అర్హత నాకు పుస్తకాల వల్ల కలగలేదు. ఒక మొక్కను చంపుకోవడం వల్ల కలిగింది. ఆ సంగతి దాచకుండా రాస్తాను. మొదట ఈ చెట్టు ఎవరో తెలుసుకుందాం.

మన నేలకు అతిథి

భూగోళ పాఠాల్లో మన పిల్లలు శృంగాకార వృక్షాలు అని చదువుకునేవి ఇవే. పువ్వు పూయవు, పండు కాయవు. విత్తనాలు గట్టి పొలుసులు గల కోనుల్లో పండుతాయి. ఆకులు సూదుల్లాగానో, ఒకదానిపై ఒకటి అతికిన పొలుసుల్లాగానో ఉంటాయి. హిమాలయాల్లోని దేవదారు, పైన్, జూనిపర్ ఈ కుటుంబాలకు చెందినవే. దక్షిణ భారతంలో సహజంగా పెరిగే శృంగాకార వృక్షం ఒకే ఒకటి ఉంది. అది పడమటి కనుమల వర్షారణ్యాల్లో ఉండే నాగేయా. మన దక్కను పీఠభూమిలో అవి వాటంతట అవి మొలవవు. సరుగుడు చెట్టును చూసి చాలామంది పైన్ అనుకుంటారు. సూదుల వంటి దాని రెమ్మలు, కోను వంటి దాని కాయ మనల్ని భ్రమింపజేస్తాయి. నిజానికి అది పూలు పూసే చెట్టు.

మన ఊళ్ళలోని ఇళ్ళ ముందు, కార్యాలయాల ఆవరణల్లో కనిపించే తూజా స్వస్థలం ఉత్తర చైనా, కొరియా ప్రాంతాలు. లిన్నేయస్ 1753లో దీనికి తూజా ఓరియంటాలిస్ అని పేరు పెట్టాడు. తరువాతి శాస్త్రజ్ఞులు దీనిని ప్లాటిక్లాడస్ అనే వేరే ప్రజాతిలో చేర్చారు. నర్సరీల్లో మాత్రం పాత పేరే నిలిచిపోయింది. అరచేతిని నిలువుగా పట్టుకున్నట్లు దీని రెమ్మలు బల్లపరుపుగా, నిటారుగా ఉంటాయి. హిందీ, ఉర్దూలలో దీనిని మోర్‌పంఖీ అంటారు. మా విద్యార్థులు కొందరు దీని రెమ్మను పుస్తకంలో పెట్టుకుంటే చదువు వస్తుందని నమ్మి తెంపుకుపోయేవారు. ఆకు వల్ల చదువు రాదనీ, పుస్తకం తెరిస్తే వస్తుందనీ చెప్పి మాన్పించడానికి నాకు రెండేళ్ళు పట్టింది!

మన ఎండకు, మన కరవుకు ఓర్చుకునే శృంగాకార మొక్కల్లో తూజాదే మొదటి స్థానం. దాని తరువాత చైనా జూనిపర్. పైన్, దేవదారు మొక్కలకు నిజమైన చలికాలం కావాలి. ఎంత ముద్దుగా కనిపించినా వాటిని మైదాన ప్రాంతాలకు తెచ్చుకోవద్దు. అంతస్తులు అంతస్తులుగా పెరిగే అరౌకేరియా కూడా బోన్సాయ్‌కు తగదు. కత్తిరించిన చోట అది తేలికగా కొత్త కొమ్మ వేయదు.

నేను చేసిన తప్పు

మా రాయదుర్గం సంగతి పాఠకులకు కొత్తగా చెప్పనవసరం లేదు. సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లా మాది. అదీ సమానంగా పడదు. ఊరి నెత్తిన కోట ఉన్న రాతి కొండ పగలంతా ఎండను తాగి రాత్రంతా వేడిని వదులుతుంది. బోరు నీరు తాగితే నాలుకకు ఉప్పదనం తెలుస్తుంది. గాలి మాత్రం ఎప్పుడూ కొరత పడదు. వేదవతి ఒడ్డున కణేకల్లు వైపు వెళితే ఆ గాలి పొలాల మీదికి ఇసుక దిబ్బలనే మోసుకొచ్చిన దృశ్యం కనిపిస్తుంది.

కొన్నేళ్ళ క్రితం నేను బెంగళూరు వెళ్ళినప్పుడు లాల్‌బాగ్ చూశాను. హైదర్ అలీ 1760లో ప్రారంభించి, ఆయన కుమారుడు టిప్పు సుల్తాన్ విస్తరింపజేసిన తోట అది. అక్కడి బోన్సాయ్ విభాగంలో మోకాలెత్తు చెట్లు వందేళ్ళ వృద్ధుల్లా నిలబడి ఉన్నాయి. నా మనసు నిలవలేదు. తిరుగు ప్రయాణంలో ఒక నర్సరీలో మూరెడు తూజాను కొనుక్కుని, బస్సులో ఒడిలో పెట్టుకుని వచ్చాను. అది ఫిబ్రవరి నెల. జపాను పద్ధతులను వివరించే ఒక పుస్తకంలో, వసంతం మొదట్లో చిగుళ్ళు కదలక ముందు కుండీ మార్చాలని ఉంది. అంతకంటే ఆలోచించలేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం కూర్చుని వేళ్ళు కత్తిరించి కుండీ మార్చాను. వెంటనే తీగ చుట్టి కొమ్మలు వంచాను. కొత్త మట్టిలో బలం ఉండాలని రెండు పిడికిళ్ళ వేరుశనగ చెక్క కలిపాను. సాయంత్రానికి అది చిత్రంలోని చెట్టులా నిలిచింది. చూసిన వారందరూ మాషా అల్లాహ్ అన్నారు.

మార్చి గడిచింది, మొక్క పచ్చగానే ఉంది. ఏప్రిల్ సగం వరకు పచ్చగానే ఉంది. నేను రోజూ నీళ్ళు పోస్తూ గర్వపడుతూనే ఉన్నాను. ఒకనాడు రెమ్మను తాకితే గలగలమంది. గోటితో బెరడు గీకి చూశాను. పచ్చగా, తడిగా ఉండవలసిన లోపలి పొర ఇటుక రంగులో ఎండిపోయి ఉంది. ఆ మొక్క ఆ వారం చనిపోలేదు. ఎన్నో వారాల క్రితమే చనిపోయింది.

శృంగాకార వృక్షాల స్వభావమే అంత. మందారానికి నీరందకపోతే సాయంత్రానికే తల వాలుస్తుంది, మనకు చెబుతుంది. తూజా, జూనిపర్ ఆకులపై మైనపు పూత ఉంటుంది. కష్టం వచ్చినప్పుడు అవి తమ రంధ్రాలను మూసుకుని, ఉన్న తేమను బిగపట్టుకుంటాయి. వేరు చచ్చిన తరువాత కూడా ఆకు వారాల తరబడి పచ్చగా కనిపిస్తుంది. ఫిర్యాదు చేయని మొక్క అది. కనుక దాని విషయంలో మన బాధ్యత రెట్టింపు.

మూడు పనులూ ఒకేసారి చేస్తే ఏం జరుగుతుందో ఇప్పుడు నాకు తెలుసు. వేళ్ళు కత్తిరిస్తే నీరు తీసుకునే శక్తి తగ్గుతుంది. అదే సమయంలో కొమ్మ వంచితే లోపల నీరు ప్రవహించే సన్నని నాళాలు కొన్ని చిట్లుతాయి. అంటే తగ్గిన నీటికి దారి కూడా తెగింది. ఇక గాయపడిన వేళ్ళ చుట్టూ ఎరువు లవణాలు చేరితే అవి వేళ్ళలోని తేమనే బయటికి లాగుతాయి. ఒక్కొక్క పనినీ మొక్క తట్టుకోగలదు. మూడింటినీ కలిపి తట్టుకోలేదు. పైగా నేను వాటిని చేసింది మన ఎండాకాలపు గడప మీద.

ఇష్బీలియా పట్టణానికి చెందిన ఇబ్నుల్ అవ్వామ్ అనే విద్వాంసుడు 12వ శతాబ్దంలో కితాబుల్ ఫిలాహా అనే మహాగ్రంథాన్ని రచించారు. నేలలు, ఎరువులు, అంట్లు, నీటి పారుదలతో పాటు ఐదు వందలకు పైగా మొక్కల గురించి అందులో ఉంది. ఆయన పూర్వుల మాటలను ఉదహరించి, ఆపై తన నేలలో తాను పరీక్షించి చూసినదానిని చెబుతారు. నేను మొదటి సగం చేశాను, రెండవ సగం మరిచాను. జపాను వసంతం తరువాత చల్లని వానలు వస్తాయి. మన ఫిబ్రవరి తరువాత నలభై డిగ్రీల ఏప్రిల్ వస్తుంది. పుస్తకంలోని నెలను తెచ్చుకున్నాను గాని, ఆ నెల వెనుక ఉన్న కారణాన్ని తెచ్చుకోలేదు.

మొక్క నేర్పిన మరో సంగతి

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆ ఎండిన కొమ్మను చేతిలో పట్టుకున్నప్పుడు నాకు ఒక పిల్లవాడు గుర్తుకు వచ్చాడు.

అంతకు ముందటి సంవత్సరం కణేకల్లు వైపు పల్లె నుండి పదేళ్ళ బాలుణ్ణి మా వద్ద చేర్పించారు. తల్లిదండ్రులు కూలి పనికి బెంగళూరు వెళ్ళిపోయారు. తెలివైన వాడు, జ్ఞాపకశక్తి గలవాడు. వాని మీద నాకు ఆశ కలిగింది. చేరిన వారం నుండే ఇతర పిల్లలకంటే రెట్టింపు పాఠం ఇచ్చాను. నడక, మాట, కూర్చునే తీరు, అన్నింటినీ ఒక్కసారే సరిదిద్దడం మొదలుపెట్టాను. వాడు ఏనాడూ ఏడవలేదు. ఏం చెప్పినా "జీ హజ్రత్" అనేవాడు. నేను మెచ్చుకుంటూనే ఉన్నాను. నలభై రోజుల తరువాత ఒక ఉదయం వాని పడక ఖాళీగా ఉంది. పల్లెలోని నాన్నమ్మ ఇంటికి నడుచుకుంటూ వెళ్ళిపోయాడని మధ్యాహ్నానికి తెలిసింది. మళ్ళీ రాలేదు.

ఇల్లు మారడమే పిల్లవానికి వేళ్ళు కత్తిరించి కుండీ మార్చడం వంటిది. అదే వారంలో తీగ బిగించింది నేను. అదే వారంలో మోతాదు మించిన ఎరువు వేసింది కూడా నేనే. వాడు పచ్చగా కనిపించాడు కనుక బాగున్నాడని అనుకున్నాను. మొక్క చనిపోయేదాకా నాకు ఆ సంగతి అర్థం కాలేదు. అర్థమైన తరువాత వాని పల్లెకు వెళ్ళి, ఆ నాన్నమ్మ ముందు, వాని ముందు కూర్చుని క్షమాపణ కోరాను. వాడు ఇప్పుడు యువకుడు. మా ఊళ్ళోనే జీన్స్ కుట్టే చోట పని చేస్తున్నాడు. దారిలో ఎదురైతే ముందుగా తానే సలాము చేస్తాడు. ఆ సలాములో నింద లేదు. ఆ నిందను నేనే మోస్తున్నాను.

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా! కొత్త బడిలో చేరిన బిడ్డ, అత్తవారింట అడుగు పెట్టిన కోడలు, మాట్లాడకుండా సర్దుకుపోతున్నారంటే వేరు కుదురుకుందని అర్థం కాదు. ఇంతటితో ఈ ప్రస్తావన ముగించి మన మొక్క వద్దకు వద్దాం.

మొదటి పని: కుండీ మార్పు (జూన్ చివర, జూలై)

ఈ సంచిక మీ చేతికి అందేసరికి తొలకరి మొదలై ఉంటుంది. ఆకాశం మబ్బుపట్టి, గాలిలో తేమ చేరిన రోజులే మన ప్రాంతంలో కుండీ మార్చడానికి అనువైనవి.

లోతులేని పళ్ళెం కుండీ ఇప్పుడే వద్దు. మన గాలికి అది సగం రోజులోనే ఎండిపోతుంది. మొదటి రెండు మూడు సంవత్సరాలు జానెడు వెడల్పు, అరజానెడు లోతు గల కుండీ చాలు. కూరగాయలు కడిగే ప్లాస్టిక్ చిల్లుల బుట్ట కూడా చక్కగా పనికి వస్తుంది. చిల్లుల వద్ద గాలి తగిలిన వేరు కొస ఆగిపోయి, వెనుక నుండి సన్నని పిల్లవేళ్ళు పుడతాయి. మనకు కావలసినవి అవే.

మట్టి విషయంలో ఒకే సూత్రం ఉంది. పోసిన నీరు నిలవకూడదు, తేమ మాత్రం నిలవాలి. నల్లరేగడి పనికిరాదు. పగిలిన ఇటుకలను దంచి జల్లెడ పట్టి, కందిగింజ ఉన్నంత ముక్కలను రెండు పాళ్ళు తీసుకోవాలి. కడిగిన ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలపాలి. ఇటుక పొడిని తప్పక పారబోయాలి. అది మిగిలితే సిమెంటులా గడ్డకట్టి వేళ్ళకు గాలి ఆడదు.

మొక్కను సంచి నుండి తీసిన తరువాత వెదురు పుల్లతో మట్టి ముద్ద చుట్టూ, అడుగున నెమ్మదిగా దువ్వాలి. వేళ్ళలో మూడవ వంతుకు మించి కత్తిరించరాదు. మట్టినంతా కడిగి వేళ్ళను నగ్నంగా చేయరాదు. శృంగాకార మొక్కల వేళ్ళతో కంటికి కనిపించని శిలీంధ్రాలు కలిసి జీవిస్తూ, నీటినీ పోషకాలనూ అందించడంలో తోడ్పడతాయి. పాత మట్టిని పూర్తిగా కడిగితే ఆ సహచరులను కూడా కడిగేసినట్లే. లోపలి పాత మట్టిని తరువాతి మార్పులో, అంటే రెండు మూడేళ్ళకు మార్చుకోవచ్చు.

కుండీ అడుగు రంధ్రాల మీద ప్లాస్టిక్ జాలీ ముక్క పరచండి. ఆ రంధ్రాల గుండా ఒక తీగ దూర్చి మొక్క మొదలును కుండీకి కట్టివేయండి. గాలికి మొక్క కదిలితే కొత్తగా పుట్టిన వేరు కొసలు తెగుతాయి. మా ఊరిలో ఈ ఒక్క కట్టు లేక చచ్చిన మొక్కలే ఎక్కువ. ఆ తరువాత పొడి మట్టిని పోస్తూ వేళ్ళ సందుల్లోకి పుల్లతో దిగేలా చేసి, అడుగు నుండి తేటనీరు వచ్చేదాకా నీరు పోయండి. నెల రోజులు ఉదయపు ఎండ మాత్రమే తగిలే నీడలో ఉంచండి. ఆకుల మీద పగటిపూట రెండుసార్లు నీళ్ళు చిలకరించండి. ఆ నెలలో ఎరువు వద్దు, తీగ వద్దు.

రెండవ పని: ఎరువు (సెప్టెంబరు, అక్టోబరు)

కుండీ మార్చిన ఆరు నుండి ఎనిమిది వారాల తరువాత రెమ్మల కొసల్లో లేత ఆకుపచ్చ రంగు కనిపిస్తుంది. వేరు కుదురుకున్నదనడానికి అదే సాక్ష్యం. అప్పుడే ఆహారం మొదలుపెట్టాలి.

జపానులో బోన్సాయ్ పెంచేవారు ఆవచెక్కను ఉండలు చేసి మట్టి పైన పెడతారు. వేరుశనగ పండించే అనంతపురం వాసులకు అంతకంటే దగ్గరి వస్తువు ఉంది. గానుగలో నూనె తీసిన వేరుశనగ చెక్కలో నత్రజని సుమారు 7 శాతం ఉంటుంది. వేపచెక్కలో అది సుమారు 5 శాతం. 50 గ్రాముల వేరుశనగ చెక్కను లీటరు నీటిలో వారం రోజులు నానబెట్టి, రోజుకొకసారి కలియబెట్టాలి. మూత గట్టిగా బిగించరాదు. దుర్వాసన వస్తుంది కనుక వంటింటికి దూరంగా ఉంచండి. తేరిన ఆ నీటిని ఒకటికి పది పాళ్ళు మంచినీరు కలిపి, పదిహేను రోజులకొకసారి పోయండి. ముందు మామూలు నీటితో మట్టిని తడిపిన తరువాతే ఎరువు నీరు పోయాలి. పొడి వేళ్ళకు ఎరువు తగిలితే అవి మాడిపోతాయి.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనూ, మళ్ళీ ఫిబ్రవరి, మార్చి నెలల్లోనూ ఈ విధంగా చేస్తే చాలు. ఏప్రిల్ నుండి తొలకరి వరకు ఎరువు పూర్తిగా ఆపివేయాలి. తీవ్రమైన ఎండలో మొక్క ఎదగదు, ప్రాణం కాపాడుకుంటుంది. అప్పుడు దానికి కావలసింది నీడ, నీరు. జ్వరంతో ఉన్నవానికి బిర్యానీ వడ్డించం కదా!

లేత రెమ్మలు పసుపుబారితే వెంటనే ఎరువు పెంచకండి. మన బోరు నీటిలోని సున్నపు లవణాలు మట్టిని క్షారంగా మార్చి, అందులో ఉన్న ఇనుమును మొక్కకు అందకుండా చేస్తాయి. కుండీ అంచున తెల్లని పొర కనిపిస్తే అదే కారణమని తెలుసుకోండి. మిద్దె మీద పడిన వాననీటిని ఒక డ్రమ్ములో నిల్వ చేసుకుని, నెలకొకసారైనా ఆ నీటితో మట్టిని బాగా కడిగినట్లు పోయండి. ఎండాకాలంలో రెమ్మలు మసకబారి దుమ్ము పట్టినట్లు కనిపిస్తే తెల్లకాగితం పైన రెమ్మను దులపండి. కదిలే చుక్కలు పడితే అవి ఎర్రనల్లి. వరుసగా కొన్ని రోజులు ఆకుల అడుగు భాగాన నీటిని వేగంగా చిమ్మితే చాలావరకు తగ్గిపోతుంది.

మూడవ పని: తీగ (నవంబరు చివర నుండి జనవరి)

చలి రోజుల్లో ఎదుగుదల నెమ్మదిస్తుంది. కొమ్మ వంచడానికి అదే సమయం. రాబోయే ఎదుగుదల కాలంలో లోపలి గాయాలు మానిపోతాయి.

విద్యుత్ సామాను అంగళ్ళలో ఎర్తింగ్ కోసం అమ్మే రాగి తీగ చాలు. కొమ్మ మందంలో మూడవ వంతు మందం గల తీగను ఎంచుకోవాలి. 14 గేజి తీగ రెండు మిల్లీమీటర్లు ఉంటుంది, 18 గేజి ఇంచుమించు 1.2 మిల్లీమీటర్లు. వీటితో లేత మొక్క పని గడిచిపోతుంది. రాగిని బొగ్గుల కుంపటిలో మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లార్చితే మెత్తబడుతుంది. ఒకసారి వంచగానే మళ్ళీ గట్టిపడుతుంది. అందుకే అది కొమ్మను పట్టి నిలుపుతుంది. ప్లాస్టిక్ పూత గల తీగను మాత్రం కాల్చకండి, ఆ పొగ విషం. మొదటిసారి చేసేవారికి మెత్తని అల్యూమినియం తీగ సులువు.

పని చేసే ముందు రోజు నీరు కాస్త తగ్గిస్తే కొమ్మ సులువుగా వంగుతుంది. తీగ మొదటి కొసను కాండానికి ఒకటిన్నర చుట్టు చుట్టి ఊతమివ్వాలి. దగ్గర దగ్గరి రెండు కొమ్మలకు ఒకే తీగను వాడితే అవి ఒకదానికొకటి ఆధారమవుతాయి. తీగ కొమ్మకు సుమారు 45 డిగ్రీల వాలులో, బిగుతు లేకుండా, వదులు లేకుండా నడవాలి. ఒక తీగ మీద మరొకటి దాటరాదు. ఆకులను తీగ కింద నొక్కరాదు. మందపాటి కొమ్మలు ముందు, సన్నవి తరువాత. వంచేటప్పుడు రెండు బొటనవేళ్ళనూ వంపు లోపలి వైపు ఆనించి, కొంచెం కొంచెంగా వంచండి. చిటుక్కుమన్న చప్పుడు వినబడితే అక్కడే ఆపండి. ఆ చోట తడి గుడ్డపేలిక చుట్టి ఉంచితే తరచుగా కోలుకుంటుంది. కోరుకున్న వంపు ఈ సంవత్సరం సగమే వస్తే మిగిలిన సగం వచ్చే చలికాలానికి ఉంచండి.

ఫిబ్రవరి నుండి ప్రతి వారం తీగ కింద చూడండి. బెరడు ఉబ్బి తీగ దిగబడుతున్నట్లు కనిపిస్తే వంపు కుదిరినా కుదరకపోయినా తీసివేయాలి. ఆ గాడి పడితే ఏళ్ళ తరబడి మానదు. తీగను విప్పదీయకండి. కటింగ్ ప్లేయరుతో చుట్టుచుట్టునూ ముక్కలుగా కత్తిరించి తీయండి. రాగి ఖరీదు ఎక్కువే. కొమ్మ ఖరీదు అంతకంటే ఎక్కువ.

ఇది హింస అవుతుందా?

అత్తగారి ప్రశ్న విలువైనది. ఆమెకు నా సలాములు తెలియజేయండి. బోన్సాయ్ అంటే ఆకలితో మాడ్చి చెట్టును గిడసబారేలా చేయడమని చాలామంది అనుకుంటారు. అది అపోహ. వేళ్ళనూ కొమ్మలనూ కాలానుగుణంగా కత్తిరిస్తూ, నీరు, ఆహారం, వెలుతురు లోటు లేకుండా ఇవ్వడం వల్లనే అది చిన్నగా ఉంటూ దీర్ఘకాలం బతుకుతుంది. ద్రాక్షతీగను పందిరికి కట్టి కత్తిరించడం, మామిడికి అంటు కట్టడం వంటి సేవే ఇది.

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షవనంలో ఒక జపాను తెల్ల పైన్ బోన్సాయ్ ఉంది. 1625 నుండి మనుషుల చేతుల్లో పెరుగుతున్న చెట్టు అది. హిరోషిమాలోని యమాకి కుటుంబం తరతరాలుగా దానిని సాకింది. 1945 ఆగస్టు 6న ఆ నగరంపై అణుబాంబు పడినప్పుడు, ఆ చోటికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలోని ఇంటి ఆవరణలో గోడ చాటున నిలిచి ఆ చెట్టు బతికిపోయింది. ఆ కుటుంబ పెద్ద మసారు యమాకి 1976లో దానిని, తన నగరంపై బాంబు వేసిన దేశానికే కానుకగా పంపారు. బాంబు సంగతి ఆ చెట్టును చూసుకునేవారికి అంతగా తెలియదు. 2001లో ఆయన మనుమలు దానిని చూడడానికి వెళ్ళినప్పుడు ఆ కథ లోకానికి తెలిసింది. హింసకు గురైన మొక్క నాలుగు వందల ఏళ్ళు బతకదు. ప్రతి తరంలోనూ ప్రతి రోజూ ఎవరో ఒకరు నీరు పోస్తేనే బతుకుతుంది.

కనుక హింస తీగలో లేదు, తొందరలో ఉంది, మరపులో ఉంది. నేల మీది చెట్టు మనం మరిచినా వేళ్ళు చాచి వెతుక్కుంటుంది. కుండీలోని చెట్టుకు మన చెయ్యే మేఘం. అది మన వద్ద ఉన్న అమానతు. ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు నీరు పోయగల మనిషి ఇంట్లో లేకపోతే బోన్సాయ్ జోలికి పోవద్దు. ఆ తూజానే నేలలో నాటండి, అది హాయిగా బతుకుతుంది.

కరవు నేలలో అలంకారపు మొక్కకు నీరు ఖర్చు చేయడం తగునా అని కొందరు నన్ను అడుగుతారు. పారే నది ఒడ్డున వుజూ చేసినా నీటిని వృథా చేయరాదని నేర్చుకున్న సముదాయం మనది. ఈ ప్రశ్న రావలసిందే. నా వద్ద ఇప్పుడున్న రెండవ తూజాకు నేను కొత్త నీరు తోడడం లేదు. మా విద్యార్థులు వుజూ చేసిన నీరు ఒక తొట్టిలో చేరుతుంది. సబ్బు కలవని ఆ నీటిలో రోజుకు రెండు చెంబులు దానికి సరిపోతాయి, మిగిలినది వేపచెట్లకు పోతుంది. ఆ మొక్కకు నేను మొదటి సంవత్సరం కుండీ మాత్రమే మార్చాను. మొదటి తీగను మరుసటి చలికాలంలో చుట్టాను. చూసిన వారెవరూ మాషా అల్లాహ్ అనలేదు, ఎందుకంటే చూడడానికి ఏమీ లేదు. ఇప్పుడు గోటితో గీకితే బెరడు కింద పచ్చగా ఉంది.

సోదరీ! మీ అబ్బాయితో చెప్పండి. సెలవులు ముగుస్తున్నాయని మొక్కకు తెలియదు. ఈ నెల కుండీ మాత్రమే మార్చమనండి. ఎరువు నీరు రెండు నెలల తరువాత మీరే మొదలుపెట్టండి. తీగ చుట్టను అటక మీద ఉంచి వెళ్ళమనండి. చలికాలపు సెలవులకు వచ్చినప్పుడు అతనికి ఇంట్లో ఒక పని మిగిలి ఉంటుంది, ఇన్‌షా అల్లాహ్.

వస్సలాము అలైకుమ్.